2025 క్రిస్మస్ వారంలో డిస్నీ వరల్డ్: అత్తమామలతో, ఇద్దరు పిల్లలతో వెళ్లొచ్చా?

అట్లాంటా కోడలు:

అందరికీ నమస్తే అండీ. నాలుగు రోజులుగా ఈ విషయం ఎటూ తేలడం లేదు. మా అత్తగారు, మామగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, జనవరిలో తిరుగు ప్రయాణం. ఈలోగా ఒక్కసారైనా ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్ చూపించాలని మావారి కోరిక. ఆయన ఆఫీసు డిసెంబర్ 24 నుంచి జనవరి 1 దాకా మూసేస్తారు. పిల్లల బడికీ అప్పుడే సెలవులు. కాబట్టి అదే వారం అనుకున్నాం.

టిక్కెట్లు చూశాక గుండె ఆగినంత పనైంది. 2025 క్రిస్మస్ వారంలో అక్కడి పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్ టిక్కెట్ మనిషికి ఒక్క రోజుకి 199 డాలర్లు. పెద్దమ్మాయికి 9, చిన్నవాడికి 5. పిల్లలకి తగ్గేది చాలా కొంచెం. ఆరుగురికీ కలిపి ఒక్క రోజుకి దగ్గర దగ్గర 1,200, పన్ను కాకుండా. పార్కింగ్ అదనం.

అంత పెట్టీ రోజంతా క్యూలో నిలబడి వచ్చామని తెలిసినవాళ్లు చెబుతున్నారు. స్టాఫ్ తగ్గిపోయారనీ, అందుకే లైన్లు కదలవనీ అంటున్నారు. నిజమేనా? లైట్నింగ్ లేన్ ప్రీమియర్ పాస్ అని, డబ్బు కట్టి వేరే లైన్లో త్వరగా వెళ్లే పాస్ కొంటే లైన్లు ఉండవంటున్నారు గానీ రద్దీ రోజుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌కి అది మనిషికి 449 దాకా వెళుతుంది. టిక్కెట్ కాక అది! మా ఆరుగురికి 2,694.

అత్తగారికి మోకాళ్ల నొప్పులు, గంటకు మించి నిలబడలేరు. ఆవిడకి రైడ్లతో పనిలేదు, కోట మీద బాణసంచా చూడాలని మాత్రం ఉంది. టీవీలో చూసినప్పటి నుంచి అదే మాట. మీలో ఎవరైనా ఆ వారం వెళ్లినవాళ్లుంటే ఉన్నదున్నట్టు చెప్పండి.


ఇద్దరు పిల్లల నాన్న:

అమ్మా, ఆ వారం వద్దు. 26 నుంచి 31 దాకా అక్కడ ఏడాది మొత్తంలో అతి పెద్ద రద్దీ. అదే డిసెంబర్ మొదటి రెండు వారాల్లో వెళితే అలంకరణలన్నీ ఉంటాయి, టిక్కెట్టూ తక్కువ. మేం పిల్లల్ని రెండు రోజులు బడి మానిపించి వెళ్లాం. మాస్టర్లకి ముందే చెప్పాం, ఎవరూ ఏమీ అనలేదు.

ఇంకోటి. నవంబర్, డిసెంబర్లలో కొన్ని రాత్రులు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మిక్కీస్ వెరీ మెర్రీ క్రిస్మస్ పార్టీ ఉంటుంది. దానికి వేరే టిక్కెట్. ఆ రోజుల్లో మామూలు టిక్కెట్ వాళ్లు సాయంత్రం 6కల్లా బయటికి వచ్చేయాలి. బాణసంచా పోతుందని చాలామంది ఆ రోజు మానేస్తారు. అందుకే పగలు ఖాళీగా ఉంటుంది. మేం అలాంటి రోజే వెళ్లాం. క్యాలెండర్‌లో పార్టీ ఉన్న రోజు చూసుకుని, పొద్దున తలుపులు తీసే వేళకి అక్కడుండండి. ప్రీమియర్ పాస్ గురించి మర్చిపోండి.


డిసెంబర్ డ్యూటీ:

చెల్లీ, నీ ప్రశ్నలో స్టాఫ్ అన్న మాట చూసి ఆగలేక రాస్తున్నా. ఒక పెద్ద థీమ్ పార్కులో నాలుగు క్రిస్మస్‌లు పనిచేశాను, ఇప్పుడు మానేశాను. పేరు చెప్పను. మొదటి రెండేళ్లు రైడ్ ముందు, తర్వాత రైడ్ మీద.

మనుషులు తక్కువైతే లైను ఆగుతుందన్నది నిజం. కానీ బయటి నుంచి చూసేవాళ్లకి కనిపించే చోట కాదు ఆగేది. రోలర్ కోస్టర్‌కి ఐదు రైళ్లు నడిపే వీలుంటే, ఎక్కించడానికీ దించడానికీ బెల్టులు చూడడానికీ మనుషులు సరిపోనప్పుడు నాలుగే నడుపుతారు. కొన్ని రైడ్లకి రెండు వైపులా ఎక్కే ప్లాట్‌ఫామ్‌లుంటాయి, ఒకటి మూసేస్తారు. అక్కడే గంటకి వందలమంది తగ్గిపోతారు. లైన్లో ఉన్నవాళ్లకి ఆ సంగతే తెలియదు.

ఇంకా పెద్ద సంగతి ఏమిటంటే, డిసెంబర్‌లో ఉన్నవాళ్లలో చాలామంది కొత్తవాళ్లు. సీజన్ కోసం తీసుకున్న పిల్లలు, కాలేజీ చదువుతూ వచ్చినవాళ్లు. మనుషులున్నారు, చెయ్యి తిరగలేదు. రైడ్ ముందు నిలబడి "ఎంతమంది?" అని అడిగి వరసలు నింపే పని చూడడానికి తేలిక. ముగ్గురు వచ్చారు, వరసకి నలుగురు పడతారు, వెనకాల ఒంటరిగా ఎవరున్నారో తల తిప్పి చూసి పిలవాలి. అనుభవం ఉన్నవాళ్లు రెండు సెకన్లలో పిలుస్తారు. కొత్తవాళ్లు పిలిచేలోపు రైలు వెళ్లిపోతుంది, ఒక సీటు ఖాళీగా. రైలుకి రెండు సీట్ల చొప్పున రోజంతా లెక్కవేసుకో.

డబ్బు కట్టిన లైనూ, కట్టని లైనూ కలిసే చోటు ఒకటుంటుంది. అక్కడ నిలబడడం నాకు అన్నిటికన్నా కష్టంగా ఉండేది. డబ్బు కట్టిన వైపు నుంచి ఎక్కువమందిని వదలమని చెబుతారు. రెండో వైపు రెండు గంటలుగా నిలబడ్డవాళ్లు మన మొహంలోకే చూస్తుంటారు. ఒక క్రిస్మస్ సాయంత్రం ఒకాయన పాపని భుజం మీద వేసుకుని నిలబడ్డారు, పాప నిద్రపోయింది, బూటు ఒకటి జారి కింద పడింది. ఆయన వంగలేకపోయారు. నేను తీసి తొడిగాను. ఆయన అరిచి ఉంటే బాధపడేదాన్ని కాదు. "థాంక్యూ, ఇంకా ఎంతసేపు?" అని మెల్లగా అడిగారు. నలభై నిమిషాలని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ రోజుల్లో పార్కు పొద్దున్నే తెరిచి అర్ధరాత్రి దాకా ఉంచుతారు. రాత్రి ఒంటిగంటకి ఇంటికెళ్లి మళ్లీ పొద్దున్నే రావాలి. సెలవు అడగడానికి లేదు. మా ఇంట్లో నాలుగేళ్లు క్రిస్మస్ సెలవుల్లో పిల్లలు వాళ్ల నాన్నతోనే గడిపారు. డిస్నీ వరల్డ్‌లో 2023లో యూనియన్లు ఒప్పందం చేసుకుని కనీస వేతనాన్ని ఆ ఏడాది చివరికి గంటకి 18 డాలర్లు చేయించుకున్నాయి. దాదాపు 45 వేలమంది తరఫున. చాలా మంచి పని జరిగింది. అయినా లెక్క చూడు: నువ్వు చెప్పిన 199 డాలర్ల టిక్కెట్ ఆ రేటున పదకొండు గంటల పని.

సరే, మీ ప్రయాణం సంగతికొస్తాను. పైన అన్నయ్య చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటా. ఆ వారం వద్దన్నది నూటికి నూరు పాళ్లు నిజం. ఈ 2025లో ఇంకా వద్దు. బిగ్ థండర్ మౌంటెన్ రోలర్ కోస్టర్ మరమ్మతుల్లో ఉంది, టామ్ సాయర్ ఐలాండ్ అనే దీవి, దాని చుట్టూ తిరిగే పడవ జులైలోనే మూసేశారు. అవి మూసేస్తే అక్కడ ఉండాల్సిన జనం ఎక్కడికి పోతారు? మిగతా లైన్లలోకే వస్తారు. పైగా ఆ దీవి, పడవ పెద్దవాళ్లు కూర్చోవడానికి బాగుండేవి.

కానీ పార్టీ రోజు పగలు వెళ్లమనడం మీ ఇంటికి సరిపోదు. సాయంత్రం 6కి బయటికి పంపేస్తే మీ అత్తగారు దేనికోసం వస్తున్నట్టు? నేనైతే తిరగేసి చేస్తాను. పగటి టిక్కెట్ అసలు కొనకండి, పార్టీ టిక్కెట్ మాత్రమే కొనండి. దాంతో సాయంత్రం 4 నుంచే లోపలికి వదులుతారు. పార్టీ 7 నుంచి అర్ధరాత్రి దాకా. రద్దీ రాత్రులకి ధర రెండొందలు దాటుతుంది, నవంబర్ రాత్రులకీ డిసెంబర్ మొదట్లోని వారం మధ్య రాత్రులకీ తక్కువ. మామూలు రోజుకంటే జనం బాగా తక్కువ, కుకీలు, వేడి కోకో ఊరికే ఇస్తారు, మెయిన్ స్ట్రీట్ మీద మంచులాగా నురుగు రాలుతుంది. పొద్దంతా పెద్దవాళ్లు హోటల్లో పడుకోవచ్చు. క్రిస్మస్‌కి కొన్ని రోజుల ముందే ఈ పార్టీలు అయిపోతాయి, గుర్తుంచుకో.

వీల్‌చెయిర్ తప్పకుండా తీసుకోండి. పార్కులో అద్దెకిస్తారు, కానీ బ్యాటరీ బండ్లు ముందుగా బుక్ చేయరు, రద్దీ రోజుల్లో అయిపోతాయి. అత్తగారు "నేనేం రోగినా" అంటారు. మా అమ్మా అదే అంది. పార్కింగ్ నుంచి మోనోరైలో పడవో ఎక్కి వెళ్లేసరికే మోకాళ్లు పట్టేస్తాయి, అసలు నడక అప్పుడు మొదలవుతుంది. మొదటి అరగంట బతిమాలండి, తర్వాత ఆవిడే దిగరు.


అట్లాంటా కోడలు:

అక్కా, మీరు రాసింది మావారికి చదివి వినిపించాను. బూటు సంగతి దగ్గర ఇద్దరం కాసేపు మాట్లాడలేకపోయాం.

ఒక అనుమానం. అర్ధరాత్రి దాకా చిన్నవాడు ఉండగలడా? వాడి ఎత్తు 42 అంగుళాలు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్‌కి 38 చాలు కాబట్టి ఎక్కనిస్తారు, స్పేస్ మౌంటెన్‌కి 44 కావాలట. అక్క ఎక్కి తను ఎక్కకపోతే ఏడుపు మొదలవుతుంది.


డిసెంబర్ డ్యూటీ:

అర్ధరాత్రి దాకా ఉండక్కర్లేదమ్మా. బాణసంచా మామూలుగా 10 గంటలకి, పరేడ్ 8:30కి ఒకటి, 11కి ఒకటి. 8:30 పరేడ్ చూసి, 10కి బాణసంచా చూసి బయల్దేరండి. బాబుని మధ్యాహ్నం రెండు గంటలు పడుకోబెట్టండి, తిప్పలు పడి అయినా.

స్పేస్ మౌంటెన్ దగ్గర రైడర్ స్విచ్ అడుగు. ఒకళ్లు పాపతో ఎక్కుతారు, ఒకళ్లు బాబుతో బయట ఉంటారు, తర్వాత రెండోవాళ్లు మళ్లీ లైన్లో నిలబడకుండా ఎక్కొచ్చు. కానీ ఎత్తు కొలిచే కర్ర దగ్గరికి మాత్రం బాబుని "చూద్దాం పద" అని తీసుకెళ్లకు. ఎక్కనివ్వరని ఇంట్లోనే చెప్పేయి. ఆ కర్ర కింద మడమలు ఎత్తి నిలబడిన పిల్లల్ని వెనక్కి పంపడం మాకు కూడా చాలా కష్టంగా ఉండేది. వాళ్ల ఎదురుగా మేం నవ్వుతూనే ఉండాలి.


ఇద్దరు పిల్లల నాన్న:

పెద్దవాళ్లున్నారన్నది నేను సరిగ్గా పట్టించుకోలేదు. అక్కగారు చెప్పిందే సరి. ఒక్కటి కలుపుతాను: మీ పెద్దమ్మాయికి 10 నిండితే పెద్దల టిక్కెట్టే. వెళ్లే రోజు వయసు చూస్తారు, కొనే రోజుది కాదు.


అట్లాంటా కోడలు:

పాప పుట్టినరోజు జనవరిలో అండీ, కాబట్టి ఇబ్బంది లేదు. మావారు డిసెంబర్ రెండో వారంలో రెండు రోజులు సెలవు పెట్టారు. పార్టీ టిక్కెట్లు ఆరూ కొన్నాం, ఇంకే పాసూ కొనలేదు. బ్యాటరీ బండి బయటి దుకాణం నుంచి హోటల్‌కే తెప్పిస్తున్నాం. అత్తగారికి ఇంకా చెప్పలేదు. మామగారికి చెబితే "నేను నడుపుతా" అని ఇప్పటి నుంచే సరదా పడుతున్నారు.

అక్కా, మీరు ఇప్పుడు ఆ పని మానేశారని రాశారు. ఈ క్రిస్మస్‌కి మీ పిల్లలతో ఇంట్లోనే ఉంటున్నారా?


డిసెంబర్ డ్యూటీ:

ఉంటున్నానమ్మా. 25 పొద్దున గారెలు వండుతా. పెద్దవాడు ఇప్పటికే నాలుగుసార్లు అడిగాడు, నిజంగా ఇంట్లో ఉంటావా అని.