దానియేలు 9:25: "ఏడు వారములు" దగ్గర ఆగాలా, కలిపి చదవాలా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. దానియేలు 9లో "డెబ్బది వారములు" అంటే 490 ఏళ్లని చిన్నప్పటి నుంచీ మా సంఘంలో వింటున్నాను. బైబిల్లో వారం అనే ఉంది కదా, మరి ఏళ్లు ఎక్కడ నుంచి వచ్చాయి? పైగా 25వ వచనంలో యెరూషలేమును మళ్లీ కట్టమని "ఆజ్ఞ బయలుదేరిన" దగ్గర నుంచి "ఏడు వారములు", ఆ తర్వాత "అరువది రెండు వారములు" అని ఉంది. చదివితే అభిషిక్తుడు ఏడు వారాలకే వస్తాడన్నట్టుంది, పాస్టర్ గారేమో రెండూ కలిపి 69 అంటారు. ఎవరైనా విడమరిచి చెప్తారా?

జవాబు: ముందు ఏళ్ల సంగతి చూద్దామండి. అధ్యాయం మొదట్లో దానియేలు యిర్మీయా గ్రంథం చదువుతున్నాడు. యెరూషలేము 70 ఏళ్లు పాడుగా ఉంటుందన్న మాట పట్టుకుని, గోనెపట్ట కట్టుకుని ప్రార్థన చేస్తున్నాడు. గబ్రియేలు దూత తెచ్చింది ఆ 70కి జవాబు. హీబ్రూలో "షావుఈమ్ షివ్ఈమ్" అని ఉంటుంది, మొదటిది వారాలు, రెండోది డెబ్బై. అచ్చుల గుర్తులు తీసేస్తే రెండూ అచ్చంగా ఒకటే: షిన్, బేత్, అయిన్, యోద్, మేమ్. యిర్మీయా డెబ్బైని అవే అక్షరాలతో ఏడింతలు చేసి తిరిగి ఇచ్చాడన్నమాట. మాట నడుస్తున్నది ఏళ్ల మీద కాబట్టి ఏడేసి ఏళ్లు అనుకోవడం సహజమే. తర్వాతి అధ్యాయంలో దానియేలు మూడు వారాలు దుఃఖపడ్డాడని చెప్పేచోట హీబ్రూలో "రోజులు" అన్న మాట విడిగా చేర్చారు (తెలుగులో అది కనబడదు), ఇక్కడ ఆ మాట లేదు. లేవీయకాండము 25 ప్రకారం ఏడేళ్లు ఏడుసార్లు గడిస్తే సునాదకాలం (విడుదల సంవత్సరం), అలా చూస్తే 490 అంటే పది సునాదాలు.

అసలు తలనొప్పి 25వ వచనం. యూదుల హీబ్రూ పాఠంలో "ఏడు" తర్వాత ఎత్నఖ్తా అనే పెద్ద విరామ గుర్తు ఉంది. మన పాత తెలుగు బైబిలు దాన్నే అనుసరించి అక్కడ వాక్యం ముగించింది, మీకు అనుమానం వచ్చింది అందుకే. అలా ఆగితే అభిషిక్తుడు 49 ఏళ్లకు వస్తాడు. యెరూషలేము కూలింది క్రీ.పూ. 587 లేదా 586, పర్షియా రాజు కోరెషు యూదుల్ని ఇంటికి వెళ్లమన్నది 538, మధ్యలో దాదాపు 49 ఏళ్లే. యెషయా 45:1 కోరెషునే అభిషిక్తుడంటుంది, మధ్యయుగపు యూదు వ్యాఖ్యాత రాషీ కూడా ఈ వచనానికి కోరెషునే చెప్పాడు. థియొడోషన్ అనే ఆయన చేసిన పాత గ్రీకు అనువాదం ఆగకుండా ఏడునూ అరవై రెండునూ కలిపేస్తుంది, అప్పుడు 483 ఏళ్లు. పర్షియా రాజు అర్తహషస్త ఏలుబడిలో ఏడో ఏడు, అంటే క్రీ.పూ. 457 నుంచి లెక్కేస్తే, సున్నా సంవత్సరం లేదు కాబట్టి, క్రీ.శ. 27కు, అంటే యేసు రోజులకు చేరతాం. మీ పాస్టర్ గారు కలిపి చదువుతున్నారు.

ప్రశ్న: అయితే ఆ గుర్తు యేసును తప్పించడానికే పెట్టారని యూట్యూబ్‌లో ఒకాయన అంటున్నాడు, నిజమేనా అండి?

జవాబు: అంత సులువుగా అనేయలేమండి. గుర్తులు రాతలోకి వచ్చింది క్రీ.శ. 7 నుంచి 10 శతాబ్దాల మధ్యే అయినా, చదివే పద్ధతి వాటికంటే పాతది. పైగా ఆగి చదివినా ఇబ్బందే, మిగిలిన అరవై రెండు వారాలూ కట్టడానికే పోతాయి, పట్టణం వీధులు కట్టడానికి 434 ఏళ్లా! అభిషిక్తుడు నిర్మూలం కావడం, బలులు ఆగిపోవడం గురించి చెప్పే 26, 27 వచనాలను ప్రధాన యాజకుడు మూడో ఓనియ హత్యకూ, క్రీ.పూ. 167లో గ్రీకు రాజు నాలుగో అంతియొకసు బలులు ఆపించడానికీ ముడిపెట్టే పండితులకు చివరి అర్ధవారం (మూడున్నరేళ్లు) చక్కగా కుదురుతుంది, కానీ 538 నుంచి 434 తీస్తే 104 వస్తుంది, అరవై ఏళ్లకు పైగా తేడా. కలిపి చదివేవాళ్లేమో అర్తహషస్త ఏడో ఏట ఇచ్చిన ఆజ్ఞలో (ఎజ్రా 7) పట్టణం కట్టమన్న మాటే లేదన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. నాకు మాత్రం విరామం కన్నా "ఆజ్ఞ బయలుదేరిన" అన్నదే ముఖ్యం అనిపిస్తుంది. హీబ్రూలో అక్కడున్నది "దావార్", మాట. 2వ వచనంలో యిర్మీయాకు వచ్చిందీ దావారే, 23లో గబ్రియేలు బయలుదేరింది కూడా దావార్ వెలువడ్డాకే. అది రాజు ఆజ్ఞే అయి తీరాలని ఏమీ లేదు. పాస్టర్ గారిని ఈసారి 69 గురించి కాకుండా, లెక్క ఎవరి మాట దగ్గర మొదలుపెట్టారో, ఎందుకో అడిగి చూడండి. ఆయన చెప్పింది ఇక్కడ పెట్టండి, చూద్దాం.