తిలాపియా పొట్ట కోసే యంత్రం: చేదు పగులుతోంది, వెన్ను కింద నెత్తురు మిగులుతోంది. ఎక్కడ సర్దాలి?

చేపలషెడ్డు (ప్రశ్న)

పొట్ట కోసి పేగులు తీసే యంత్రం గురించి తెలిసినవాళ్ల సలహా కావాలండీ. చేప పొట్ట కింద పట్టాల మీద ఆనుకుని వెళ్తుంది, రెండు పక్కలా పళ్ల బెల్టులు పట్టుకుని లాగుతాయి. ముందు గుండ్రటి బ్లేడు, తర్వాత వాక్యూమ్ నాజిల్, చివర నైలాన్ బ్రష్, దానిమీద నీటి జల్లు. వచ్చేది తిలాపియా, 350 నుంచి 900 గ్రాముల దాకా అన్నీ కలిసే.

ఇబ్బందులు ఇవి: చాలా చేపల్లో చేదు తిత్తి (పిత్తాశయం) పగిలి లోపల పచ్చగా అంటుకుంటోంది. కొన్నిటికి కోత మధ్యలో పడకుండా పక్కకు పోతోంది. వెన్నెముక కింద నల్లటి నెత్తురు చార బ్రష్ తిరిగాక కూడా అలాగే ఉంటోంది. బ్లేడు, బ్రష్ రెండూ మార్చమంటున్నారు. అవసరమా?

పదునుకోత

ఏదీ మార్చకముందు 30 చేపలతో పరీక్ష పెట్టండి. చిన్నవి పది, మధ్యస్థం పది, పెద్దవి పది విడివిడిగా వదిలి, ఏ సైజులో ఏ లోపం వచ్చిందో రాసుకోండి. చేదు పగలడం చిన్నవాటిలో, కోత పూర్తిగా తెగకపోవడం పెద్దవాటిలో కనిపిస్తే తప్పు బ్లేడుది కాదు, సైజుల కలగలుపుది. మీ యంత్రంలో పట్టాల మీదికి బ్లేడు ఎంత లేస్తుందో అదే కోత లోతు, అన్ని చేపలకూ అంతే. చిన్న చేపకు పొట్ట గోడ పల్చగా ఉంటుంది కాబట్టి అదే లోతు దానికి ఎక్కువై లోపలి తిత్తి దాకా వెళ్తుంది. 350, 900 ఒకే సెట్టింగుకు లొంగవు. కనీసం మూడు గ్రేడులు చేసి, గ్రేడు మారినప్పుడల్లా లోతు సర్దాలి.

సర్దే పద్ధతి: ఆ గ్రేడులో అన్నిటికన్నా పెద్ద చేపను చేత్తో కోసి, పొట్ట గోడ మందం వెర్నియర్‌తో కొలవండి. దానికి 2 మిల్లీమీటర్లు కలిపి బ్లేడును అంతే పైకి లేపండి. తర్వాత అదే గ్రేడులో చిన్న చేపను వదిలి, పేగు మీద గీత పడిందేమో చూడండి. పడితే గ్రేడు ఇంకా వెడల్పుగా ఉందన్నమాట. గ్రేడులో సైజుల తేడాను ఇంకాస్త తగ్గించాలి.

బ్లేడు పదును తెలుసుకోవడానికి కోత అంచు చూస్తే చాలు. పదునున్న బ్లేడు చర్మాన్ని గీత గీసినట్టు తెంచుతుంది. మొద్దుబారినదైతే అంచు వెంట సన్నటి చర్మపు పోగులు వేలాడతాయి. మొద్దు బ్లేడు కోసే ముందు పొట్టను నొక్కుతుంది, ఆ ఒత్తిడికే తిత్తి పగులుతుంది. అప్పుడు లోతు ఎంత తగ్గించినా ఫలితం ఉండదు. పొట్టలో పచ్చ మరక ఉండి, పేగుల మీద గాటు లేకపోతే అనుమానించాల్సింది పదునునే.

కోత పక్కకు పోవడం దాదాపు ఎప్పుడూ బెల్టుల వల్లే. రెండు బెల్టుల మీద ఎదురెదురుగా గుర్తు పెట్టి పది చుట్లు తిప్పండి. ఒక గుర్తు వెనకబడితే ఆ బెల్టు జారుతోంది, చేప ఆ పక్కకు తిరుగుతోంది. గుర్తులు కలిసే ఉంటే స్ప్రింగుల బిగువు చూడండి. ఒక పక్క స్ప్రింగు వదులైనా చేప మధ్యగీత నుంచి జరుగుతుంది. సన్నటి తిన్నని చెక్కపట్టీని బెల్టుల మధ్య పంపితే, బ్లేడు గీత దాని నడిమిన పడాలి.

గాలిగొట్టం

వెన్ను కింది నెత్తురు సంగతి. అది ఒట్టి నెత్తురు కాదు, మూత్రపిండం. వెన్నెముకకు అతుక్కుని, దాని కింద ఒక పొర కప్పుకుని ఉంటుంది. ఆ పొరను నిలువునా చీల్చకపోతే బ్రష్ ఎంత తిరిగినా పొర మీద జారిపోతుంది. మీ యంత్రంలో బ్రష్ ముందు పొర చీల్చే చిన్న కత్తి ఉందేమో చూడండి. ఉంటే అది వంగో అరిగో ఉంటుంది. లేకపోతే బ్రష్ తర్వాత ఒక మనిషిని నిలబెట్టి స్పూను ఆకారపు గీకుడు కత్తితో తీయించడమే దారి. బ్రష్ మార్చాలా అన్నదానికి గుర్తు: పోచలు ఒక పక్కకు వాలిపోతే మార్చాలి. పోచలు నీలిరంగువి తీసుకోండి, ఊడి చేపలో పడినా కంటికి కనిపిస్తాయి. మామూలు నైలాన్ పోచను మెటల్ డిటెక్టర్ పట్టలేదు.

వాక్యూమ్ కూడా చూడండి. నాజిల్‌ను మూసి ట్యాంకు మీది గేజి చదవండి, తర్వాత తెరిచి చదవండి. మూసినప్పుడు ముల్లు పైకి వెళ్లకపోతే లీకు ఉంది: మూత రబ్బరు, డ్రెయిన్ వాల్వు, గొట్టం అతుకులు. తెరిచినా ముల్లు పైనే నిలిస్తే గొట్టంలో అడ్డం పడింది. గొట్టం ఎక్కడా కిందికి వేలాడకూడదు, వేలాడిన చోట పేగులూ నీళ్లూ చేరి నిలుస్తాయి. గుడ్లతో ఉన్న ఆడ చేపలు వచ్చే రోజుల్లో గుడ్ల సంచులు నాజిల్‌కు అడ్డం పడతాయి. అప్పుడు వేగం తగ్గించాలి. మీది నీటి వలయం పంపు (లోపల తిరిగే నీళ్లతో వాక్యూమ్ పుట్టించేది) అయితే, దానికి వెళ్లే నీళ్లు వేడెక్కితే వాక్యూమ్ పడిపోతుంది. పొద్దున బాగా లాగి మధ్యాహ్నానికి నీరసపడే యంత్రాల్లో ముందు చూడాల్సింది ఇదే.

చేపలషెడ్డు

చాలా థాంక్సండీ. గ్రేడింగ్ మొదలుపెడతాను. ఇంకో మాట, చేపలకు పట్టే రోజు కూడా మేత వేస్తున్నారు. పట్టగానే ఐసు నీళ్లలో వేసి, యంత్రం దగ్గరికి మూడు నాలుగు గంటల తర్వాత వస్తున్నాయి. దీనివల్ల తేడా ఉంటుందా?

చల్లనినీరు

ఉంటుంది, అదీ పెద్ద తేడానే. మేత ఆపకపోతే పేగు ఉబ్బి పొట్ట గోడను ఆనుకుని ఉంటుంది. బ్లేడు 2 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లినా తగిలేది పేగుకే. వెచ్చటి నీటిలో పెరిగే తిలాపియాకు ఒక రోజు మేత ఆపితే పేగు ఖాళీ అవుతుంది. కానీ ఎక్కువ రోజులు ఆపొద్దు. మేత లేనప్పుడు పిత్తం ఖర్చు కాదు, తిత్తి నిండి పెద్దదవుతుంది. పేగు ఖాళీగా ఉన్నా చేదు మాత్రం ఇంకా సులువుగా పగులుతుంది. ఒక రోజు సరిపోతుంది.

రెండోది బిగుసుకోవడం. తిలాపియా వెచ్చటి నీళ్ల చేప. ఉన్నట్టుండి ఐసులో పడితే చాలా జాతుల కన్నా త్వరగా, ఒక్కోసారి ఒకటి రెండు గంటల్లోనే కర్రలా బిగుస్తుంది. వంకరగా బిగిసిన చేప పట్టాల మీద తిన్నగా కూర్చోదు. కాబట్టి మీ కోత పక్కకు పోవడంలో బెల్టుల వాటా కొంతే ఉండొచ్చు. ఐసులో చేపలను కుప్పగా పోయకుండా తిన్నగా పరిచి పెట్టండి, లేదా బిగుసుకోకముందే కోయించండి. వంకర చేపను చేత్తో బలవంతంగా తిన్నగా లాగితే కండ పొరలు విడిపోతాయి, ముక్క కోసినప్పుడు పగుళ్లు కనిపిస్తాయి. అది మాత్రం చేయొద్దు.

చంపాక మొప్పలు తెంచి చల్లటి నీళ్లలో 10, 15 నిమిషాలు నెత్తురు కారనిస్తే వెన్ను కింది చార కూడా పల్చబడుతుంది.

పదునుకోత

పై మాటతో ఏకీభవిస్తాను. ఒకటి కలుపుతాను: పొలుసు తీసేది పొట్ట కోయకముందే ఉండాలి. కోసిన పొట్టలో పొలుసు చేరితే కడగడం నరకం, పైగా పొలుసు మీద నడిచే బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది. పొలుసు తీసే డ్రమ్ములో మరీ ఎక్కువసేపు తిప్పితే మాత్రం పొట్ట మెత్తబడి వాక్యూమ్‌కు చిరిగిపోతుంది.

నురుగుకడుగు

కడగడం గురించి ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. ముందు మెయిన్ స్విచ్ ఆపి తాళం వేయాలి, బ్లేడు పూర్తిగా ఆగాకే మూత తీయాలి. తిరిగే బ్రష్ దగ్గర గుడ్డ గ్లౌజులు, గొలుసు గ్లౌజులు వద్దు, చుట్టుకుని చేతిని లాగేస్తాయి.

మొదటి నీళ్లు చల్లగానో గోరువెచ్చగానో ఉండాలి, 40 డిగ్రీలు దాటొద్దు. వేడి నీళ్లు పోస్తే నెత్తురు ఉడికి స్టీలుకు పట్టేస్తుంది. తర్వాత క్షార నురుగు 10 నుంచి 15 నిమిషాలు, ఆరిపోనివ్వకుండా. కడిగాక 200 పీపీఎం క్లోరిన్: 10 శాతం హైపోక్లోరైట్ అయితే 100 లీటర్ల నీళ్లకు 200 మిల్లీలీటర్లు. కాసేపయ్యాక మంచినీళ్లతో తప్పకుండా కడిగేయండి, క్లోరిన్ నిలిచిపోతే స్టీలుకు గుంటలు పడతాయి. ఉప్పు మరకలకు వాడే యాసిడ్‌ను క్లోరిన్‌తో ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

ప్రెషర్ గన్‌ను బేరింగుల మీదికి నేరుగా కొట్టకండి, సీలు దాటి నీళ్లు లోపలికి పోతాయి. కడగడం అయ్యాక గ్రీజు కొడితే లోపలికి చేరిన తడి బయటికి నెట్టుకొస్తుంది. ఆహార యంత్రాలకు వాడే హెచ్1 గ్రీజే వాడాలి.

చేపలషెడ్డు

ఇదే యంత్రంలో బొచ్చె, శీలావతి వేయొచ్చా?

గాలిగొట్టం

వేయొచ్చు, కానీ ఇదే శుభ్రత ఆశించకండి. కార్ప్ జాతికి పేగు చాలా పొడవు, కాలేయం పేగుల మడతల మధ్య పాకి ఉంటుంది. వాక్యూమ్ ఒక్కసారిగా లాగలేదు, ముక్కలు మిగులుతాయి. వాటికి యంత్రంతో పొట్ట మాత్రమే కోయించి, లోపలిది చేత్తో తీయించండి. తలను కూడా చీల్చే సెట్టింగు అయితే గొంతులోని పళ్లకు తగిలి బ్లేడు అంచు పోతుంది, కోత మొప్పల దాకా రాకముందే ఆపండి.