అప్‌డేట్: తెల్లవారుజామున బాత్రూంలో స్పృహ తప్పడం గురించి

పోయిన నెల అడిగాను: మూత్రానికి లేచి, నిలబడి ఉండగానే పడిపోయాను, ఇది గుండె జబ్బా అని. ఈసీజీ తీయించుకోమన్న వారందరికీ దండాలు. తీయించుకున్నాను.

ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) బాగానే ఉన్నాయి. పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూశారు. పై అంకె 128 నుంచి 102కి దిగింది. 20, అంతకు మించి తగ్గితే పట్టించుకోవాల్సిందేనట. ప్రోస్టేట్‌కి వేసుకునే టామ్సులోసిన్ వల్ల కూడా ఇలా అవుతుందని చెప్పి, ఆ మందు మార్చారు.

ఆ క్షణం మాత్రం మరచిపోలేను. చెవుల్లో గుయ్‌మని మోత, ఒళ్లంతా చల్లటి చెమట, చూపు అంచుల నుంచి నల్లబడుతూ వచ్చింది. తర్వాత ఏమీ లేదు. కళ్లు తెరిచేసరికి చెంప కింద తడి గచ్చు, పక్కన మా ఆవిడ ఏడుపు. కుళాయి తలకు బెత్తెడు దూరంలో ఉంది. స్పృహ తప్పడం కన్నా నాకు ఆ కుళాయే ఎక్కువ భయం.

ఇప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని లేస్తున్నాను. మూత్రానికీ కూర్చుంటున్నాను. తలుపు గడియ వేయడం లేదు. కళ్లు తిరిగితే అక్కడే నేల మీద పడుకుని కాళ్లు ఎత్తి పెట్టమన్నారు. నడుస్తుండగా పడిపోయినా, ఛాతీ నొప్పి ఉన్నా, దయచేసి ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.