అప్‌డేట్: ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత, ఓపిక నిలవని సమస్య) మిథైల్‌ఫెనిడేట్ ఆపి అటామాక్సెటిన్‌కి మారాను

మిథైల్‌ఫెనిడేట్‌తో ఆకలి చచ్చిపోతోంది, రాత్రి నిద్ర పట్టట్లేదు, స్టిమ్యులెంట్ (మెదడుని ఉత్తేజపరిచే రకం) కాని మందుకి మారొచ్చా అని రెండు నెలల కింద అడిగాను కదా, డాక్టర్‌తో మాట్లాడి అటామాక్సెటిన్‌కి మారాను, ఇది ఎనిమిదో వారం.

మొదటి మూడు వారాలు నరకం. పాత మందు వేసుకున్న గంటలోపే తేడా తెలిసేది, ఇది పూర్తిగా పనిచేయడానికి 4 నుంచి 6 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందని డాక్టర్ ముందే చెప్పినా నాకు ఓపిక ఏది (అదే ఉంటే ఈ మందెందుకు!). పైగా ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒకటే వికారం. తిన్నాక వేసుకుంటే చాలావరకు తగ్గింది.

ఐదో వారం దాటాక అనుకుంటా, మొదలుపెట్టిన మెయిల్ మధ్యలో వదిలేయకుండా పంపేశానని తర్వాతెప్పుడో గమనించాను. పాతదానిలా స్విచ్ వేసినట్టు ఉండదు, సాయంత్రం మందు దిగిపోయేటప్పుడు వచ్చే చిరాకూ లేదు. నిజం చెప్పాలంటే ఏకాగ్రత పాతదానితోనే ఎక్కువ ఉండేది. కానీ నిద్ర, ఆకలి తిరిగొచ్చాయి, నాకదే కావాలి.

డిప్రెషన్ మందులు వాడేవాళ్లు డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, ఫ్లూయాక్సెటిన్, పారాక్సెటిన్ లాంటివి రక్తంలో దీని స్థాయిని బాగా పెంచేస్తాయి. బీపీ, గుండె వేగం దీనితోనూ పెరగొచ్చు, అందుకే వచ్చే వారం మళ్లీ చూపించుకోవాలి.