నిద్రపోని కుర్రాడిని ముందు ఎవరికి చూపించాలి?

అమలాపురం అత్త: మా మేనల్లుడు డిగ్రీ చదువుతున్నాడు. కొన్నాళ్లుగా తెల్లవార్లూ మేడమీద తిరుగుతున్నాడు, అయినా అలుపన్నదే లేదు. రొయ్యల చెరువు అమ్మేసి కంపెనీ పెడదామని వాళ్ల నాన్న ప్రాణం తీస్తున్నాడు. తోడికోడలేమో భీమవరంలో కౌన్సెలర్ ఉన్నారంటోంది, మావారేమో కాకినాడలో సైకియాట్రిస్టు అంటున్నారు. ముందు ఎటు?

పంటకాలువ: ముందు సైకియాట్రిస్టే. ఎంబీబీఎస్ మీద మానసిక వైద్యంలో ఎండీ చేసినవాళ్లు. నిద్ర లేకపోయినా అంత హుషారంటే మానియా, అంటే హుషారు అదుపు తప్పే జబ్బు కావచ్చు. థైరాయిడ్ ఎక్కువైనా, మత్తు పదార్థాలు వాడినా అలా ఉండొచ్చు. వైద్య పరీక్షలు రాసి తేల్చేది వాళ్లే.

గోదారిగట్టు: ఆ ఎండీ గారొకరు మా అమ్మాయి మొహమైనా చూడకుండా చీటీ రాశారు. పరీక్ష హాలంటే చెమటలు పట్టే పిల్ల. క్లినికల్ సైకాలజిస్టు మేడమ్ వారం వారం కూర్చోబెట్టి మాట్లాడాకే తేరుకుంది. ఆవిడా డాక్టరే.

పంటకాలువ: పీహెచ్‌డీ డాక్టరు. మందులు రాయకూడదు.

గోదారిగట్టు: రాస్తారని నేనన్నానా అన్నయ్యగారూ?

పంటకాలువ: డాక్టరే అన్నారుగా.

కొబ్బరితోట: ఆయ్, ఆ డాక్టరు మాట వదిలెయ్యండి. కౌన్సెలరూ క్లినికల్ సైకాలజిస్టూ ఒకటి కాదు. క్లినికల్ వాళ్లు ఎం.ఫిల్. లాంటి గుర్తింపు ఉన్న కోర్సు చేసి ఆర్‌సీఐలో, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదవుతారు. పేరు అక్కడ వెతికి చూసుకోవచ్చు. కౌన్సెలర్ బోర్డు చిన్న కోర్సు చేసినవాళ్లూ పెట్టేస్తున్నారు.

లంకపిల్ల: పెద్దాసుపత్రుల్లో సైకియాట్రిక్ సోషల్ వర్కర్లూ ఉంటారు. ఇంట్లోవాళ్లతో మాట్లాడటం, చదువూ ఉద్యోగం మళ్లీ గాడిన పెట్టడం వాళ్ల పని. వాళ్లని ఎవరూ లెక్కలోకే తీసుకోరు.

పంటకాలువ: మా తమ్ముడిని ఇలాంటి స్థితిలోనే కౌన్సెలర్ దగ్గరికి తిప్పారు. ఈలోగా చెరువు మీద అప్పులు చేసేశాడు. చివరికి సైకియాట్రిస్టు లిథియం అనే మందు మొదలెట్టారు. అది రక్తంలో ఎంతుందో ఇప్పటికీ పరీక్ష చేయిస్తున్నాం. ఆ పరీక్ష మీ మేడమ్ రాస్తారా?

గోదారిగట్టు: మీకు మాత్రలు తప్ప మనిషి అక్కర్లేదు.

పంటకాలువ: మీకు పిల్లాడు ఏమైపోయినా బోర్డు మీద 'మానసిక' అని లేకపోతే చాలు!

గోదారిగట్టు: అవును, అదే! బస్టాండు ఎదురుగా ఆ ఎండీ గారి క్లినిక్ మెట్లు మా అమ్మాయి ఎక్కుతుంటే ఎవరో చూసి అవతలివాళ్ల చెవిన వేశారు. కుదిరిన సంబంధం పోయింది. మీ తమ్ముడు మగాడు, సరిపోయింది.

కొబ్బరితోట: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలండి.

గోదారిగట్టు: చట్టం మా వీధి అరుగుల మీద కూర్చుంటుందా?

పంటకాలువ: మా తమ్ముడికీ కుదర్లేదమ్మా పెళ్లి. అందుకని మందు మానిపించలేదు.

లంకపిల్ల: ఆ అమ్మాయిది భయం, ఈ అబ్బాయిది అంతులేని హుషారు. రెంటికీ ఒకే గుమ్మం ఎందుకు వెతుకుతున్నారు? అత్తగారూ, ఈ రాత్రే 14416కి చేయండి. టెలీ మానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

అమలాపురం అత్త: చేశాం. ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టుకి చూపించమన్నారు. పొద్దున్నే కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌కి బయలుదేరుతున్నాం. చెరువు కాగితాలు మా ఇంటికి తెచ్చేశాను.

గోదారిగట్టు: ఓపీ చీటీకి తొందరగా వెళ్లండి. వాడు కుదుటపడ్డాక మాట్లాడేవాళ్లు ఎవరున్నారో కూడా అక్కడే అడగండి.

పంటకాలువ: అడగండి. మందులు మాత్రం వాళ్లు రాయరు.