పెరట్లో చెక్క గోడల గది: బయటి పలకలకు ఏ పూత మేలు?

అందరికీ నమస్కారం. మాది కాకినాడ దగ్గర, సముద్రం గాలి తగిలే ఊరు. పెరట్లో పనిముట్ల కోసం చిన్న గది కడుతున్నాం. ఇటుక బేస్‌మెంట్, దానిపై ఇనప ఫ్రేమ్ అయిపోయాయి. బయట టేకు పలకలు అడ్డంగా బిగించాలి.

వడ్రంగి నేరుగా ఫ్రేమ్‌కే కొట్టేద్దామంటున్నాడు. వెనక నిలువు రీపర్లు (సన్నటి చెక్క పట్టీలు) వేసి గాలి ఆడనిస్తే, లోపలికి దిగిన వాన నీరు జారిపోయి చెక్క త్వరగా ఆరుతుంది కదా! ముప్పావు అంగుళం సందు చాలా? తేళ్లు, ఎలుకలు దూరకుండా కింద జాలీ కొట్టిస్తాను. ఇనప మేకులైతే టేకు మీద నల్ల మరకలు పడతాయని స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే తెచ్చాను.

అసలు టెన్షన్ పూత గురించే. వార్నిష్ ఎండకు పెచ్చులూడుతుంది, అవిసె నూనెకు ఈ తేమలో బూజు పడుతుంది. కోస్తాలో వుడ్ స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు పూత) వాడినవాళ్లుంటే, మళ్లీ ఎన్నేళ్లకు వేయించాల్సి వచ్చిందో దయచేసి చెప్పండి.