"మెర్విన్ వ్రీఖ్ ఓ దీర్ మనౌ": ఈ మనౌ ఎక్కడిది?

గోదారిగట్టు:
రెండు రోజులుగా ఒక వెల్ష్ పద్యపాదం బుర్రలో తిరుగుతోంది, వదలడం లేదు. "మెర్విన్ వ్రీఖ్ ఓ దీర్ మనౌ". కవీ జోస్యుడూ అయిన మర్దిన్‌ని (ఇంగ్లీషు కథల్లో మెర్లిన్) చెల్లెలు గ్వెన్దిద్ ఫలానా రాజు తర్వాత ఎవరు, ఆయన తర్వాత ఎవరు అని అడుగుతూ పోతుంది చూడండి, అందులోది. ముందు పాదమూ వెనక పాదమూ రెండూ మర్చిపోయాను. మనౌ నేల నుంచి వచ్చిన మచ్చల మెర్విన్, అంతవరకు సరే. 825లో ఉత్తర వేల్స్‌లోని గ్వినెద్ గద్దె ఎక్కిన ఈయన తండ్రి వైపు వరస రాసుకుంటూ వెళ్లి గూరియాద్ దగ్గర ఆగిపోయాను. మనౌ అంటే ఐల్ ఆఫ్ మ్యానా, లేక స్కాట్లండ్‌లో ఫోర్త్ నది పక్కన పాత గొదొదిన్ తెగవాళ్ల మనౌనా? మిగతా పాదాలు ఎవరికైనా గుర్తుంటే చెప్పండి.

మూడో బెంచీ:
దీర్ కాదేమో అండీ, తీర్ కదా? నేల అంటే తీర్.

గోదారిగట్టు:
విడిగా తీరే. ముందు "ఓ" వచ్చింది కాబట్టి త పోయి ద అయింది. మన సరళాదేశమే అనుకోండి, పూచెను గలువలు అన్నట్టు. క గ అవుతుంది, ప బ అవుతుంది, త ద అవుతుంది. మొదటిసారి ఆ పట్టిక చూసినప్పుడు నాకు చిన్నయసూరి పుస్తకం తెరిచినట్టే అనిపించింది. "వ్రీఖ్" కూడా అసలు బ్రీఖ్, పేరు వెనక బిరుదుగా చేరి మెత్తబడింది.

శాసనాలే లోకం:
ఐల్ ఆఫ్ మ్యానే, నాకైతే అనుమానం లేదు. ఆ దీవిలో మాకల్డ్ దగ్గర దొరికిన రాతి శిలువ మీద "క్రుక్స్ గురియాత్" అని ఉంది, అంటే గురియాత్ శిలువ. వెల్ష్ పండితుడు జాన్ రీస్ ఆ గురియాత్‌నే మెర్విన్ తండ్రి అన్నారు. పైగా ఆ పేరు ఇంట్లో నిలిచింది: మెర్విన్ కొడుకు రొడ్రి మావ్ర్‌ని సాక్సన్లు చంపినప్పుడు ఆయనతో పాటు చచ్చిపోయినవాడి పేరు గురియాత్, ఒక చోట కొడుకని ఉంటుంది, ఇంకో చోట తమ్ముడని. ఎవరైతేనేం, తాత పేరో ముత్తాత పేరో పెట్టుకున్నారు. ఇది మనకు కొత్త కాదు కదా.

నల్లసిరా:
శాసనాలే లోకం గారూ, పేరు నిలిచిందన్నంత వరకు ఒప్పుకుంటాను. కానీ ఆ రాయి మీద రాజు అని లేదు, ఫలానావాడి కొడుకు అని లేదు, ఏడాది లేదు. పేరొక్కటే. ఒక్క పేరు మీద ఇంత పెద్ద ఇల్లు కట్టగలమా?

మనౌ సంగతికి వస్తే, బ్రిటన్ల చరిత్ర అని మనం అందరం చదివేది మెర్విన్ నాలుగో ఏట రాసినది, అందులోనే "మెర్మిన్ రాజు నాలుగో సంవత్సరం" అని లెక్క కట్టారు. అదే పుస్తకంలో కునెదా తన ఎనిమిదిమంది కొడుకులతో మనౌ గొదొదిన్ నుంచి దిగి వచ్చి గ్వినెద్‌ని నిలబెట్టాడన్న కథ ఉంది. కొత్తగా వచ్చిన రాజు కాలంలో, మన మూలపురుషుడు మనౌ నుంచి వచ్చాడు అని రాస్తున్నారంటే నాకు ఊరికే రాసినట్టు అనిపించదు. మెర్విన్ నిజంగా దీవి నుంచే వచ్చి ఉండొచ్చు, కానీ "మనౌ" అన్న మాట రెండో మనౌని కూడా గుర్తు చేయాలనే పాడారని నా నమ్మకం. స్కాట్లండ్‌లో క్లాక్మానన్ అన్న ఊరి పేరులో ఆ మనౌ ఇప్పటికీ ఉంది.

ఏటి గవ్వ:
మీరిద్దరూ తండ్రి వైపే తవ్వుతున్నారు. హార్లీ 3859 అనే రాతప్రతిలో మొదటి వంశావళి ఒక్కసారి తీసి చూడండి, అక్కడ గూరియాద్ అన్న పేరే లేదు! "...మాప్ రొత్రి మాప్ మెర్మిన్ మాప్ ఎత్థిల్ మెర్ఖ్ కినాన్..." అంటే రొడ్రి, మెర్విన్ కొడుకు, మెర్విన్, కనన్ కూతురైన ఎత్థిల్ కొడుకు. మెర్విన్‌కి గద్దె అమ్మ వైపు నుంచి వచ్చింది, రాసినవాడికి తండ్రి అవసరం పడలేదు. గొడవంతా ఈ ఒక్క "మాప్" మీదే. తర్వాతి కాలపు వాళ్లు ఎత్థిల్‌ని మెర్విన్ భార్యను చేశారు, పోవిస్ రాకుమారి నెస్ట్‌ని తల్లి స్థానంలోకి జరిపారు. అత్త కోడలైంది, కోడలు అత్తయింది.

మూడో బెంచీ:
రాసినవాడు ఒక పేరు ఎగరగొట్టాడేమో? "మాప్ గురియాత్" అనే ముక్క జారిపోయి ఉంటే?

ఏటి గవ్వ:
జారిపోలేదు. రెండో వంశావళి చూడండి, అది రొడ్రి మునిమనవడు, రాజు ఒవైన్ తల్లి వైపుది. "ఒవైన్ మాప్ ఎలెన్ మెర్ఖ్..." అని మొదలవుతుంది, కొంచెం కిందికి వెళితే "మాప్ తంగోయిస్టల్ మెర్ఖ్ ఒవైన్" అని మళ్లీ వస్తుంది. ఒవైన్ ఎలెన్ కొడుకే అనడంలో ఎవరికీ సందేహం లేదు. ఆయన బతికున్న కాలంలో, 10వ శతాబ్దం నడుమ కూర్చిన జాబితా అది. కాబట్టి ఆడపేరు దగ్గర మలుపు తిరిగినప్పుడు "ఫలానా ఆమె కొడుకు, ఆమె ఫలానావాడి కూతురు" అని రాయడం ఆ రాయసగాడి పద్ధతి. ఎత్థిల్ తల్లే.

శాసనాలే లోకం:
ఒక చిన్న సవరణ. అక్కడ ప అని రాసినా పలికింది బ. పాత వెల్ష్ రాతలో మాట చివర త రాసి ద పలికేవాళ్లు, ప రాసి బ పలికేవాళ్లు. "గురియాత్" పలుకులో గూరియాద్, "మాప్" పలుకులో మాబ్. కాబట్టి మన లిపిలో మాబ్ అని రాయాలి.

ఏటి గవ్వ:
రాత ప్రతిలో ఉన్నది ఉన్నట్టు రాయాలనే మాప్ అన్నాను. పలుకు వేరని నాకూ తెలుసు.

నల్లసిరా:
అమ్మ వైపు గద్దె అనగానే నాకు రాజమహేంద్రవరం గుర్తొచ్చింది. రాజరాజ నరేంద్రుడి కొడుకు కులోత్తుంగుడు 1070లో చోళ సింహాసనం ఎక్కింది తల్లి అమ్మంగదేవి రాజేంద్రచోళుడి కూతురు కాబట్టే. తండ్రి వైపు వేంగి చాళుక్యుడు. నన్నయ ఎదుట ఆడుకున్న పిల్లవాడు అయ్యుండొచ్చు ఆయన, ఆ ఊహ నాకు చాలా ఇష్టం. నన్నయ వంశక్రమాలు చెప్పే చోట ఎంత పొడి జాబితాకైనా నడక తెస్తాడు...

గోదారిగట్టు:
నన్నయ జోలికి వెళితే తెల్లారిపోతుంది, మీకు తెలుసు. మెర్విన్ దగ్గరికి రండి.

పాత చింత:
ఆలస్యంగా వచ్చాను. జీసస్ కాలేజీ 20 అనే రాతప్రతి సంగతి ఎవరూ ఎత్తలేదేం? గూరియాద్ మీద వరస ఉన్నది అందులో: గూరియాద్, ఎలిదిర్, సండ్దె, అలా పైకి పైకి వెళ్లి ఉత్తర బ్రిటన్ వీరుడు లవార్ఖ్ హేన్ దగ్గరకు చేరుతుంది. ఆ రాతప్రతి 14వ శతాబ్దానిదే, అయినా లవార్ఖ్ పేరు చూడగానే నాకు మిగతావన్నీ మసకబారిపోతాయి. కొడుకులందరూ యుద్ధాల్లో పోయాక కర్ర పట్టుకుని నిలబడి ఆకుతో పోల్చుకుంటాడే ముసలాయన: ఈ ఆకు, గాలి తోలుకుపోతోంది, అయ్యో దాని రాత, "హీ హేన్, ఎలేని గానెద్". ముసలిది, ఈ యేడే పుట్టింది. అంతే. నాలుగు మాటలు. మా నాన్న పోయిన ఏడాది ఆ పాదం చదివి పుస్తకం మూసేశాను, మళ్లీ తెరవడానికి నెల పట్టింది.

మూడో బెంచీ:
ఆ పద్యాలు ఆయన రాసినవి కావు కదా, ఆయన గురించి తర్వాతెవరో కట్టినవని వెల్ష్ పండితుడు ఐవర్ విలియమ్స్ తేల్చారు.

పాత చింత:
అవును, 9వ శతాబ్దం చుట్టూ అంటారు, అంటే ఇంచుమించు మెర్విన్ కాలమే! నా ఊహ ఏంటంటే, వంశావళిలో "హేన్" అంటే ముసలి అని కాదు, మన ఇళ్లలో పెద్దాయన అన్నట్టు, వంశానికి మొదలు. ఉత్తరాది రాజవంశాల మూలపురుషుడు కోయిల్ హేన్ కూడా అంతే. కవి ఆ బిరుదును విని నిజంగా ముసలివాణ్ణి చేశాడు, కర్ర ఇచ్చాడు, ఆకు ఇచ్చాడు. గ్వినెద్ కొత్త రాజులకు ఉత్తరాది పూర్వీకుడు కావాలి, లవార్ఖ్ దొరికాడు.

నల్లసిరా:
అదే నేనూ అంటున్నాను, మనౌ కూడా ఉత్తరమే!

ఏటి గవ్వ:
"హేన్" అంటే పెద్ద అన్నది ఒప్పుకుంటాను. కానీ కవి పొరబడ్డాడు అంటే ఒప్పుకోను. తెలిసే ముసలివాణ్ణి చేశాడు. ఆకును హేన్ అన్నప్పుడు దాన్ని వంశకర్త అనలేం కదా, ఆ పాదంలో రెండు అర్థాలూ ఒకదానికొకటి తగలాలనే పెట్టాడు.

పాత చింత:
పొరబడ్డాడని నేను అనలేదు తల్లీ. "విని" అన్నాను.

గోదారిగట్టు:
మిగతా పాదాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

శాసనాలే లోకం:
నా దగ్గర లేవు. కానీ "ఎలేని" లో రెండో అక్షరం దీర్ఘమేనా, పాత చింత గారూ? నేను "ఎలెని" అని విన్నాను.